వెంట్రుకవాసి ఎక్కువ

సోమవారం. కరెంటు బాగుంది.

లేజరు కోత మిషను లెన్సు మీద మళ్ళీ ఎవరిదో వేలిముద్ర. జిడ్డు వేలు. తిండి తిని చెయ్యి కడుక్కోకుండా లెన్సు ముట్టుకున్న ఆ మహానుభావుడెవరో తెలిస్తే, ఆ వేలినే మిషను జాలీ మీద పెట్టి ఓ గీత లాగుదును. ఉమ్మడి షెడ్డు అంటే అందరూ వాడుకునేది, అందరూ తుడిచేది. గొంతు చించుకుని చెప్తున్నాను, వినే నాథుడు లేడు.

షెడ్డు పుస్తకంలో రెండే గడులు: కోసినది, పాడైనది. వాటిలో రాయాల్సింది రాసేసి, మిగతాది ఇక్కడ రాసుకుంటున్నాను. ఎవరితోనూ చెప్పుకోకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

పొద్దున్నే సన్యాసి తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్క పట్టుకొచ్చాడు.

"దీన్ని రెండుగా కోసి పెట్టు పైడమ్మా, బేగి ఎల్లిపోవాలి."

"ఇది కోస్తే వచ్చే పొగకి ముందు మిషను చస్తుంది, తర్వాత నువ్వు చస్తావు, ఆ తర్వాత ఊరు చస్తుంది. ఊరంతా కప్పిన ఈ గొడుగు కింద అందరికీ గాలి ఒక్కటే. రంపం ఉంది, కోసుకో. అయినా వంతుల పలక మీద నీ పేరేదీ?"

సుద్దతో పలక మీద ఎవరి పేరు ముందుంటే వాళ్ళది ముందు. ఊరి తలుపుకి పెద్ద అయిన అప్పలకొండ మావ వచ్చినా వరసలో నిలబడాల్సిందే. ఈ షెడ్డులో నేను గట్టిగా నిలబెట్టింది ఇదొక్కటే. అందుకే నాకు వెనకాల గయ్యాళి అని పేరు. ఉండనీ.

ఈ నెలంతా బిళ్ళల పని. ఏటా ఊళ్ళో అందరికీ కొత్త బిళ్ళలు కోయాలి. అరచేతి వెడల్పు ప్లైవుడ్డు బిళ్ళ, అంచు చుట్టూ పళ్ళు. వెడల్పు అందరిదీ ఒకటే, పళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళవి. ఊరి లోపలి తలుపు సందులో దూర్చితే తాళం ఆ పళ్ళను తడిమి చూసి తెరుచుకుంటుంది. ఆ తాళం చేసినవాళ్ళు ఎప్పుడో పోయారు. దాన్ని విప్పడం, మార్చడం ఎవరికీ చేతకాదు. తలుపు తెరుచుకుంటే మన మనిషి, లేకపోతే కాదు. ఊరి చట్టం అంతే.

బిళ్ళ తీసేశాక చుట్టూ చట్రం మిగులుతుంది, మధ్యలో చిల్లుతో. మంట తన దారిలో కాస్త చెక్కను తినేస్తుంది కాబట్టి చిల్లు కంటే బిళ్ళ ఎప్పుడూ వెంట్రుకవాసి చిన్నదిగా ఉంటుంది. మిషను తిండి అంటాం దాన్ని. మిగిలిన చట్రాలను ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోతారు, మంచం కోడు కింద పెట్టుకోవడానికో, కిటికీకి ఆనించడానికో. మా అప్ప తన చట్రాన్ని ఇంట్లో మేకుకి తగిలించి చిల్లులో దువ్వెన పెట్టుకుంటుంది.

అప్ప అంటే నా తోడబుట్టిన అక్క, పేరు తవిటమ్మ. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, ఈవిడ పుట్టగానే పక్కింటావిడ చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట. తవుడుపాటి చెయ్యని పిల్ల మనకెందుకులే అని చావు వెళ్ళిపోవాలని. వెళ్ళిపోయింది కాబోలు. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే, రోజూ కీచులాడుకుంటూ.

ఇవాళ అప్పది తుడుపు వంతు. బయటికి వెళ్ళి ఎండ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచి సాయంత్రానికి వచ్చేయాలి. అది జరగకపోతే ఊరికి కరెంటు లేదు, నా మిషనుకీ లేదు. నేను లోపలి తలుపుకీ బయటి తలుపుకీ మధ్య ఉన్న నడిమి గది దాకా వెళ్ళాను. అక్కడ కొక్కేనికి తన బిళ్ళ తగిలించింది. ఉప్పుగాలికి చెక్క పాడైపోతుందని బయటికి ఎవరూ తీసుకుపోరు. తిరిగొచ్చాక కొక్కెం మీంచి తీసుకుని లోపలి తలుపు తెరుచుకుంటారు.

"అన్నం మెత్తగా ఒండకే గుంటా. నిన్న జావలాగ చేసేవు," అంది నడుముకి తాడు కట్టుకుంటూ.

"నచ్చకపోతే నువ్వే వచ్చి వండుకో అప్పా."

"వస్తాను, ఎక్కడికి పోతాను? నీ చేతి తిండికి చచ్చేదాన్నయితే ఎప్పుడో చచ్చును."

నలభయ్యేళ్ళుగా ఇదే పాట. ఒక్క పూట కూడా బాగుంది అన్న పాపాన పోలేదు.


మంగళవారం. కరెంటు పల్చగా ఉంది.

అప్ప రాలేదు.

నిన్న సాయంత్రం, అప్పతో పాటు తుడుపుకి వెళ్ళిన సన్యాసి ఒక్కడే వచ్చాడు. కనురెప్పల మీద ఉప్పు పేరుకుపోయి ఉంది. వాడి చేతిలో తాడు.

"నా ఎనకే ఉంది పైడమ్మా. గాలి లేచింది. తాడు లాగితే బరువు తగల్లేదు. ఎనక్కి ఎల్లి సూసేను."

"ముడి ఊడిపోయిందా?"

"అదే కదమ్మా. నడుముకి కట్టిన ముడి ముడిలాగే ఉంది. లోపల మనిషి లేదు."

ఆ తాడు నా చేతిలో పెట్టాడు. అప్ప నడుమంత చుట్టు, గట్టి ముడి. అప్పా, ఎక్కడికి పోయావే! బయట పోయినవాళ్ళకి మూడో రోజు దాకా గడువు. ఆ లోపు రాకపోతే కొక్కెం మీంచి బిళ్ళ తీసి కాల్చేస్తారు. బయటి నుంచి వచ్చే ప్రతిదీ మనిషే అనుకోకూడదని పెద్దల మాట. పోయినవాళ్ళ బిళ్ళ పట్టుకుని ఏదో లోపలికి వస్తుందని భయం. గురువారం మధ్యాహ్నానికి గడువు తీరుతుంది.

ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని షెడ్డుకి వచ్చి బిళ్ళలు కోస్తూ కూర్చున్నాను. అప్పుడే అప్పలకొండ మావ వచ్చాడు. ఓదార్చడానికేమో అనుకున్నాను.

"ఏటమ్మా, బిళ్ళలు పెద్దవి కోసేస్తున్నావేటి? తలుపు సందులో పొట్టు రాలుతోంది. ఎవరిదో బిళ్ళ బిగుసుకుపోయి రాసుకుంటోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమన్నా పడతాను గానీ నా కోత మీద మాట పడను. "నా బిళ్ళ ఒక్కటి బిగుసుకుందని చూపించు మావా, ఈ మిషను నీకిచ్చేసి ఇంట్లో కూర్చుంటాను."

అతను కాగితంలో కట్టిన పొట్టు విప్పి బల్ల మీద పెట్టాడు. తెల్లగా ఉంది. లేజరుతో కోసిన అంచు నల్లగా మాడి ఉంటుంది. నా బిళ్ళ రాసుకుంటే మసి రాలాలి. ఇది మంట తగలని చెక్క పొట్టు. చెక్కేనా అని వేలితో నలిపి చూశాను. వేలు కాస్త చల్లబడింది.

"కొలపలక ఇస్తాను. ఇల్లిల్లూ తిరిగి అందరి బిళ్ళలూ సూసిరా," అన్నాడు. కొలపలక అంటే సరైన వెడల్పున సందు ఉన్న ఇనప రేకు. సరైన బిళ్ళ అందులోంచి జారిపోతుంది. జారకపోతే అది షెడ్డులో కోసింది కాదు.


బుధవారం. కరెంటు పల్చగానే ఉంది.

ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లో మంచినీళ్ళిచ్చి, అప్ప గురించి అడిగి, నా మొహం చూసి వాళ్ళే తల దించుకున్నారు. బిళ్ళలన్నీ జారిపోయాయి, ఒక్కటి తప్ప.

అది పోలమ్మ మొగుడు బంగారయ్యది.

బంగారయ్య కిందటి ఏడు తుడుపుకి వెళ్ళి తప్పిపోయాడు. మూడో రోజు అతని బిళ్ళ కాల్చింది నేనే. ఆ తర్వాత ఎన్నాళ్ళకో ఓ మధ్యాహ్నం తలుపు తీసుకుని నడిచి వచ్చాడు. పాత బిళ్ళేదో మొలలో దోపుకుని పోయి ఉంటాడులే అని అందరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తలుపు ఒప్పుకుంది, ఇంక ఊరు ఒప్పుకోక చస్తుందా?

అతను పీట మీద కూర్చుని ఉన్నాడు. అదే పీట, కానీ అతని కింద ఇరుగ్గా కనిపించింది. నన్ను చూసి లేచి, "ఎండన పడి వచ్చేవు, మంచినీళ్ళు తాగమ్మా," అని తనే చెంబుతో తెచ్చిచ్చాడు. ఈ బంగారయ్యేనా? ఇదివరకు గుమ్మంలోకి ఎవరైనా వస్తే కుక్కను అదిలించినట్టు అదిలించేవాడు.

అతని బిళ్ళ కొలపలకలో సగం దూరి ఆగిపోయింది. తీసి వెలుగులో పెట్టి చూశాను. అంచు తెల్లగా ఉంది. ప్లైవుడ్డుకి అడ్డంగా కనిపించే పొరలు లేవు. నెలల తరబడి వదలని ఆ మాడు వాసన కూడా లేదు. అసలే వాసనా లేదు.

పోలమ్మ నన్ను పెరటి వైపు లాక్కుపోయింది.

"నీ కాళ్ళు పట్టుకుంటాను పైడమ్మా. మావతో చెప్పకు."

"ఇది నేను కోసింది కాదు. ఎక్కడిదే?"

"నాకు తెలీదు. ఆయన పోయేక, ఆయన చట్రం ఇంట్లో ఉండిపోయింది. ఆ చిల్లు నన్నే సూస్తున్నట్టుండేది. సూళ్ళేక చెత్తగొట్టంలో పడేసేను. బయటికి పోయింది కదా, పీడా పోయింది అనుకున్నాను. మర్నాడు మధ్యాన్నం ఆయన వచ్చేడు. చేతిలో ఇది ఉంది. ఎక్కడిదని అడగలేదు."

"నువ్వు ఆయనే అనుకుంటున్నావా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "పేరు పెట్టి పిలుస్తాడు. పాత సంగతులన్నీ తెలుసు. కసరడు, కొట్టడు. అడక్కుండానే నీళ్ళు తెస్తాడు. ఇంకేటి కావాలి నాకు?"

అప్పుడు నాకు లెక్క తెలిసింది. ఇన్నేళ్ళుగా బిళ్ళను కాల్చి ఊపిరి పీల్చుకున్నాం గానీ, చిల్లును ఎవరూ పట్టించుకోలేదు. బయట పడ్డ చట్రంలోని చిల్లును నిండుగా నింపేలా ఈ బిళ్ళ తయారైంది, దాంతో పాటే ఈ మనిషీ. మంట తిన్న చోటుని కూడా నింపేసింది. అందుకే వెంట్రుకవాసి ఎక్కువ.

అప్పలకొండ మావ దగ్గరికి వెళ్ళి అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పాను. కొలత విషయంలో నా నోట అబద్ధం రావడం ఇదే మొదలు.


గురువారం. కరెంటు ఉంది, ఉండకపోయినా బాగుండేది.

గొడుగు కింద పొయ్యికి తప్ప మంటకి అనుమతి లేదు, అది కూడా గిన్నె కింద దాచిన మంట. అందుకే బిళ్ళ కాల్చడం నా మిషను మీదే. లెన్సు పైకెత్తి మంటను వెడల్పు చేసి, బిళ్ళ మీద అటూ ఇటూ నడిపి బొగ్గు చేయాలి. ఊరంతా షెడ్డు బయట నిలబడింది. సన్యాసి ముందుకు రాలేక గోడకి ఆనుకున్నాడు.

"వేరే ఎవరిచేతనైనా నొక్కించమంటావా?" అన్నాడు అప్పలకొండ మావ. మంచి మనిషే పాపం.

"వద్దు. నా మిషను."

నొక్కాను. అప్ప బిళ్ళ ముందు గోధుమరంగు అయింది, తర్వాత నల్లబడింది, తర్వాత పళ్ళు ఒక్కొక్కటీ విరిగి జాలీ కిందకి రాలాయి. ఈ వాసన రోజూ పీల్చేదే. ఇవాళ దాన్ని నోట్లోంచి ఉమ్మేయాలనిపించింది. నేను గట్టిగా ఏడ్చాను, అందరి ముందే ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేమిటి?

తర్వాత మావ దగ్గరుండి నా కంప్యూటర్లోంచి అప్ప బిళ్ళ గీత చెరిపించాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అందరికీ వినపడేలా చెప్పాడు. తలుపు సందులో మళ్ళీ తెల్లపొట్టు రాలిందట. ఆదివారం రేషను వరసలో తనే కొలపలక పట్టుకుని కూర్చుంటాడట. ఎవరి బిళ్ళ జారకపోతే వాళ్ళు అప్పటికప్పుడు బయటికి.

పోలమ్మ నా వైపు చూసింది. నేను లెన్సు తుడుస్తున్నట్టు తల దించుకున్నాను.


శుక్రవారం. కరెంటు బాగుంది.

రాత్రంతా మేకుకి ఉన్న అప్ప చట్రాన్ని చూస్తూ పడుకున్నాను. దువ్వెన అలాగే ఉంది, నాలుగు తెల్లవెంట్రుకలతో. చట్రం గొట్టంలో పడేస్తే రేపు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు వస్తారు. ఎవరు వస్తారు? బంగారయ్య పీట గుర్తొచ్చింది.

తెల్లారేసరికి ఓ ఉపాయం తట్టింది. నేను లేజర్ మనిషిని కదా. చట్రాన్ని మిషను కెమెరా కింద పెట్టి చిల్లు గీత దించుకున్నాను. మిషను తిండి లెక్కకట్టి ఆ గీతను లోపలికి జరిపాను. చెరిపేసిన గీత మళ్ళీ అచ్చంగా తయారైంది. కొత్త ప్లైవుడ్డు మీద కోశాను. కొలపలకలోంచి నీళ్ళలా జారింది. ఆ బిళ్ళ ఒక్కదాన్నే గొట్టంలో వేశాను. చట్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

బతికి ఉంటే అప్ప ఆ చెత్తకుప్ప పక్కనే తలదాచుకుని ఉంటుంది. బయట గాలి కొట్టని చోటు అదొక్కటే. ఎదురుగా తన బిళ్ళ పడితే చూడదా? చూస్తుంది. తీసుకుంటుంది. తిట్టుకుంటూ తలుపు తీసుకుని వస్తుంది. ఇంటికి పరిగెత్తి అన్నం పలుకుగా వండాను.

సాయంత్రం తుడుపు నుంచి వచ్చిన సన్యాసి షెడ్డులోకి తొంగి చూశాడు.

"పైడమ్మా, చెత్తకుప్ప మీద కొత్త బిళ్ళ ఒకటి పడుంది. పొద్దుట ఎలగుందో ఇప్పుడూ అలగే ఉంది. దాని మీద ఉప్పు కూడా కదల్లేదు. తెమ్మంటావా?"

"వద్దు. ఒగ్గేయ్," అన్నాను.

వాడికి అర్థమైంది. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంటే అప్ప లేదు. ఇది ఎవరో చెప్పిన మాట కాదు, నేనే కొలిచి తెలుసుకున్నాను.

ఇంటికి వచ్చాను. పలుకుగా వండిన అన్నం చల్లారిపోయింది. తిట్టేవాళ్ళు లేని అన్నం ఎలా తినాలి? చిల్లులోంచి దువ్వెన తీసి గూట్లో పెట్టాను. చట్రం పట్టుకుని గొట్టం దగ్గరికి వెళ్ళాను. అప్ప రాదని తెలిసే వెళ్ళాను. ఏది వచ్చినా ఫరవాలేదనుకున్నాను, అంత పిచ్చిదాన్నైపోయాను. గొట్టంలోంచి అది కిందకి పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.


శనివారం. కరెంటు లేనట్టే.

గాలి బాగా కొట్టింది. పలకల మీద ఉప్పు గడ్డకట్టింది. మీటరు ముల్లు అడుగున కొట్టుకుంటోంది. వంతుల పలక మీద మొదటి పేరు పోలమ్మది. తెల్లవారకముందే వచ్చి రాసిందట. చేతిలో బంగారయ్య బిళ్ళ.

"అంచు వెంట్రుకవాసి తీసేయగలవా పైడమ్మా? రేపే కదా."

"తీయగలను. గీకితే అంచు తెల్లగానే ఉండి మావ పట్టేస్తాడు, మంటతోనే తీయాలి. ఎండ నడినెత్తికి వస్తే ఒక్క బిళ్ళ చుట్టూ తిరగడానికి సరిపడా కరెంటు రావచ్చు. కూర్చో."

ఆమె బల్ల పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మధ్యాహ్నం అయింది. ముల్లు కాస్త లేచింది. నేను బిళ్ళ అందుకోబోతుండగా లోపలి తలుపు కీచుమంది. ఊరంతా వినపడేంత కీచు.

"ఏటే పైడీ, అలగ సూస్తావేటి? అన్నం ఒండేవా?"

షెడ్డు గుమ్మంలో అప్ప. అదే చీర, అదే నడక, కనురెప్పల మీద ఉప్పు. గాజులు ముంజేతిని నొక్కేస్తున్నాయి, చెప్పుల పట్టీలు బిగుసుకుపోయాయి. చేతిలో తెల్ల అంచు బిళ్ళ.

ఆమె వెనకే అప్పలకొండ మావ. వేళ్ళకి అంటిన తెల్లపొట్టు చూసుకుంటున్నాడు. "తలుపు ఒప్పుకుంది," అన్నాడు, నా మొహం చూడకుండా. "రేపు కొలపలక కూడా ఒప్పుకుంటే సరి." వెళ్ళిపోయాడు.

అప్ప నా కేరేజీ విప్పేసింది. నిన్నటి అన్నం, చల్లటి పులుసు. నిలబడే నాలుగు ముద్దలు తింది.

"బాగుందే పైడీ," అంది. "అచ్చం అమ్మ చేతి వంటలాగుంది."

నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. మా అప్ప చచ్చినా ఆ మాట అనదు. అన్నది అప్ప కాదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ భయంలోనే నాకు ఎంత సంతోషం వేసిందో! నలభయ్యేళ్ళు ఎదురుచూసిన మాట. లోపల ఏదో నిండిపోయినట్టయింది, కావలసినదాని కంటే కాస్త ఎక్కువగానే.

ఇలాగే వదిలేస్తే రేపు ఈవిడను బయటికి తోసేస్తారు. నేను ఆమె చేతిలోంచి బిళ్ళ తీసుకున్నాను. చల్లగా ఉంది. జాలీ మీద పెట్టాను. నిన్న దించుకున్న గీత తెరిచాను.

"పైడమ్మా," అంది పోలమ్మ, లేచి నిలబడి. "వంతు నాది."

"ఒక్క నిమిషం పోలమ్మా."

ఒక్క నిమిషం అన్నాను. ఒక్క బిళ్ళకే కరెంటు ఉందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

నొక్కాను. మంట అంచు చుట్టూ నెమ్మదిగా పళ్ళు పళ్ళుగా తిరుగుతోంది. పొగ లేచింది. చెక్క వాసన కాదు, జుట్టు కాలిన వాసన. వెనకాల స్టూలు మీద కూర్చున్న అప్ప భుజాలు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"చురుక్కుమంటోందే," అంది. తర్వాత నడుము పట్టుకుంది. "పైడీ, ఆపవే. నేనేటి చేసేను?"

ఆపలేదు. అప్ప మాట వినకుండా మొహం తిప్పుకుని ముల్లు వైపే చూశాను. గీత మొదలైన చోటికి మంట తిరిగొచ్చింది, ముల్లు పడిపోయింది, ఫ్యాను ఆగింది. బిళ్ళ నల్లటి అంచుతో జాలీ మీద ఉంది. దాని చుట్టూ బిళ్ళ ఆకారంలోనే, వెంట్రుకంత సన్నటి తెల్ల దారం విడిపోయి ఉంది.

అప్ప గాజులు వదులయ్యాయి. కళ్ళు మూసుకుని గోడకి చేరగిలపడింది. పోలమ్మ తన బిళ్ళను కొంగులో చుట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. తలుపు కూడా గట్టిగా వేయలేదు. వేసినా బాగుండేది.


ఆదివారం. కరెంటు లేదు.

రేషను వరస మొదట్లో అప్పలకొండ మావ కొలపలక పట్టుకుని కూర్చున్నాడు. అప్ప వంతు వచ్చింది. బిళ్ళ చప్పుడు లేకుండా జారిపోయింది. మావ అంచు వాసన చూశాడు, వేలితో మసి తుడిచి చూశాడు, నన్ను చూశాడు.

"తవుడుకి కొనుక్కున్న పిల్లవి. నువ్వంత సులువుగా పోతావేటి?" అన్నాడు అప్పతో, నవ్వడానికి చూస్తూ. బిళ్ళ తిరిగి ఇచ్చేశాడు.

బంగారయ్యది సగంలో ఆగిపోయింది. మావ రెండోసారి, మూడోసారి ప్రయత్నించాడు. బంగారయ్య పోట్లాడలేదు, అరవలేదు. పోలమ్మ చేతిలో బియ్యం సంచి బరువుగా ఉందని దాన్ని తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి, తర్వాత తనంతట తనే తలుపు వైపు నడిచాడు. బయటికి వెళ్తూ తల కాస్త వంచాడు. తలుపు పడింది.

పోలమ్మ తిరిగొస్తూ నా దగ్గర ఆగింది.

"నా వంతు ముందు కదే పైడమ్మా," అంది. అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

ఇంటికి వచ్చి అన్నం వండాను. పలుకుగా వండాను, పులుసులో ఉప్పు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు రుచి చూశాను. అప్పకి పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఏమంటుందోనని ఆమె నోటి వైపే చూస్తున్నాను.

ఒక్క ముద్ద తిని మొహం చిట్లించింది.

"ఏటే ఇది? ఉప్పు డబ్బా కుమ్మరించేసేవేటి? బయటున్న ఉప్పంతా ఇందులోనే ఉంది. నీకెప్పుడొస్తుందే వంట?"

నేను పకపకా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చేశాను. అప్ప వచ్చేసింది, మా అప్పే, అచ్చంగా మా అప్పే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నవ్వడమెందుకో, ఏడవడమెందుకో అర్థంకాక అప్ప నన్ను ఇంకో రెండు తిట్లు తిట్టింది. చెవుల నిండా విన్నాను.

ఆ తెల్ల దారం మాత్రం పారేయలేదు. గొట్టంలో వేయకూడదు. దాని మధ్య కూడా చిల్లు ఉంది. కాల్చడానికి చెయ్యి రాలేదు. చట్రం ఉన్న చోట అదే మేకుకి తగిలించాను. తల దువ్వుకోవడానికి గూటి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అప్ప దాని ముందు ఒక్క క్షణం ఆగుతుంది, ఏదో మర్చిపోయినట్టు. తర్వాత దువ్వెన తీసుకుంటుంది. నా వంట బాగుందన్న మాట అందులోనే ఉండిపోయింది. దాన్ని కోసేసింది నేనే. ఇంక ఎప్పటికీ వినను.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. వంతుల పలక మీద పోలమ్మ పేరు ఇంకా మొదటే ఉంది. చెరపలేకపోయాను. పుస్తకం తీసి కోసినది అన్న గడిలో ఏమీ లేదని రాశాను. పాడైనది అన్న గడి దగ్గర పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి అక్కడా ఏమీ లేదనే రాసి, లెన్సు తుడిచి, ఇంటికి వచ్చేశాను.